సభలో పాడుట యొక విద్య

ఇంటిలో చక్కగా పాడువారందఱును సభలో చక్కగా పాడజాలరు. భజనమందిరములో గొంతెత్తి పాడిన బాలుడే, ఉత్సవమునాడు పందిటిలో నలుగురి యెదుట నిలిచినంతనే శ్రుతి తప్పును. తాళము వడి హెచ్చును. నోటికి వచ్చిన చరణము మఱపునకు వచ్చును. ఇది విద్యాలోపము కాదు. సంగీతము నేర్చుట యొకటి, నేర్చిన దానిని సభకు సమర్పించుట మఱియొకటి. ఈ రెండవ విద్యను తెలుగువారు ఏ విధముగ నేర్పుచు వచ్చిరో తెలిసికొనుట మన గ్రామ గాయకులకు మిక్కిలి ఉపయోగకరము.

పూర్వము ఈ విద్యకు ప్రత్యేక పాఠశాలలు లేవు. గురుకులమే పాఠశాల. శిష్యుడు గురువు వెనుక తంబురా మీటుచు గంటలకొలది కూర్చుండెడివాడు. శ్రుతి చెవిలో నాటుకొనుటయే గాక, సభ యలసినపుడు గురువు ఏ కృతి నెత్తుకొనునో, మృదంగ విద్వాంసునకు కనుసైగ నెట్లు చేయునో, పొరపాటు జరిగినపుడు ముఖము చిట్లింపక దాని నెట్లు సరిదిద్దుకొనునో ఆ స్థానమునుండియే గమనించెడివాడు. కొంతకాలమునకు గురువు ఒక పంక్తిని విడిచి శిష్యునకు అందించును. పిమ్మట ఒక చిన్న కృతి. ఆ పిమ్మటనే స్వతంత్రమైన కచేరీ. నీటిలో దిగకుండ ఈత రానట్లే, సభలో కూర్చుండక సభాధైర్యము రాదని మన పెద్దలెఱుగుదురు.

త్యాగరాజస్వామి శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన శిష్యులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు. వారి శిష్యులు విజయవాడలోని పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. పంతులుగారు శిష్యులను తంబురాతోడను, వాద్యముతోడను తమ వెంట సభలకు కొనిపోయిరి. 1930లో శంకరగుప్తమున జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ, పసిప్రాయముననే విజయవాడ ఆరాధనోత్సవములో పెద్దల యెదుట పూర్తి కచేరీ చేయగలుగుటకు ఈ శిక్షణయే ఆధారమైనది.

1919లో విజయనగరమున మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాలను స్థాపించుటతో ఈ విద్యకు ఒక నెలవు ఏర్పడినది. దాని ప్రథమాధ్యక్షులు హరికథాపితామహుడని ఖ్యాతిగాంచిన ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథకుడు ఒంటరిగా నిలిచి పాడవలెను, ఆడవలెను, కథ చెప్పవలెను, నవ్వింపవలెను, కంటనీరు తెప్పింపవలెను. కాలికి గజ్జెలు, చేత చిరుతలు. మైకు లేని దినములలో వేలమందికి వినబడు కంఠము. సభను చేతిలో నుంచుకొనుట యనగా నేమో దాసుగారికంటె చక్కగా నెఱిగినవారు ఆ కాలమున అరుదు. అట్టివారు అధ్యక్షులుగా నుండుటయే విద్యార్థులకొక పాఠము.

ఆ కళాశాలలోనే ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1919లో, ఇరువదియాఱేండ్ల ప్రాయమున, వయొలిన్ ఆచార్యులైరి, 1936లో అధ్యక్షులైరి. కంటిచూపు మందగించినను వారి చెవి తప్పు నెఱుగదు. అంతవఱకు గాయకునకు పక్కవాద్యముగ నున్న వయొలిన్ ఒంటరిగా సభను నిలుపగలదని వారు 1938లో వెల్లూరులో నిరూపించిరి. గాత్రమునకు సాహిత్యమనెడి ఊత గలదు. వాద్యమునకు నాదమే మాట, నాదమే భావము. కావున కమాను లాగెడి ప్రతి లాగులోను శుద్ధి యుండవలెను. వేగము సభను ఆశ్చర్యపఱచును గాని, నాదశుద్ధియే సభను నిలుపునని వారి వాద్యము చాటినది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారును యువకుడుగా విజయనగరము చేరి, పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద విద్య నభ్యసించి, మధూకరమెత్తి పొట్ట నింపుకొనిరి. గడపగడప యెదుట నిలిచి చేయి చాచిన ఆ బాలునకు తరువాత ఏ సభయు భయము గొల్పలేదు.

ఇరువదవ శతాబ్దములో కచేరీకి ఒక క్రమము స్థిరపడినది. అరియక్కుడి రామానుజయ్యంగారు దీనిని ప్రచారము చేసిరి. మొదట వర్ణము, దానివలన గొంతు వెచ్చబడును, లయ కుదురుకొనును. పిమ్మట చిన్న కృతులు, నడుమ రాగాలాపన, నెరవు, స్వరకల్పనలతో పెద్ద కృతి, తనియావర్తనము, కడపట పదములు, జావళీలు, మంగళము. ఈ వరుస కేవలము అలంకారము కాదు. గాయకుని శక్తి ఎపుడు పుంజుకొనునో, శ్రోత ఓర్పు ఎపుడు సన్నగిల్లునో గమనించి కూర్చిన పథకమిది. మైకు వచ్చిన పిదప గాయకుడు బిగ్గఱగా అఱవ నక్కఱలేకపోయినది. కాని గుసగుసయు, ఊపిరి తీసిన సవ్వడియు దూరమునకు వినబడుటచే క్రొత్త జాగ్రత్త అవసరమైనది. రేడియో మఱింత కఠినమైన గురువైనది: ఎదుట శ్రోత లేడు, మెప్పులేదు, గడియారము మాత్రము కలదు.

డాక్టరు శ్రీపాద పినాకపాణిగారు (1913–2013) వృత్తిచే వైద్యులు. మద్రాసులో నున్న దినములలో మహావిద్వాంసుల కచేరీలను శ్రద్ధగ విని, వారి బాణీని ఆకళించుకొని, తెలుగు గాయకులకు పంచిపెట్టిరి. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వేంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నము వారి యొద్ద సాధన చేసినవారే. మంచి కచేరీని వినుట కూడ సాధనలో భాగమేయని పినాకపాణిగారి జీవితము తెలుపుచున్నది.

ఇవన్నియు దూరపు మాటలని హత్నూర ప్రాంతీయులు తలంపరాదు. 1952లో హైదరాబాదునందు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వెలసినది. అంతకు మున్నే తెలంగాణ పల్లెలలో చిరుతల రామాయణము గలదు. దాసుగారి చేతనున్న చిరుతలే ఇచ్చట రైతుబిడ్డల చేతులలో మ్రోగినవి. గురువు ఊరికి వచ్చి, నెలల తరబడి ప్రతిరాత్రి పాటను, అడుగును, దరువును నేర్పి, తుదకు ఊరి నడుమ ఆట కట్టించును. తాళము తప్పినవానిని వలయములోని తోడివారే చిరుతల దెబ్బతో దారికి తెత్తురు. ఇదియు గురుకులమే, సభాశిక్షణయే.

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములలో కర్మాగారములు పెరిగిన పిదప యువకులకు పగటి షిఫ్టు కొందఱికి, రాత్రి షిఫ్టు కొందఱికి అయినది. పదిమంది ఒక్కచోట కూడు సాయంకాలములు తఱిగినవి. కంఠములు తఱుగలేదు, కూడిక తఱిగినది. ఒంటరిగా ఫోనులో విని నేర్చినవానికి పాట రావచ్చును గాని, తోడివాని దరువు విని తన దరువును సరిచేసికొను నేర్పు రాదు.

కనుక ఊరివారు చేయదగిన పని పెద్దది కాదు. సెలవునాటి సాయంకాలమున గ్రంథాలయ వసారాలో ఒక చాప, ఒక శ్రుతిపెట్టె, ఓర్పుగల ఇరువది మంది శ్రోతలు చాలును. క్రొత్తవాడు ఒక్క కీర్తన పాడవలెను; తప్పినచో నవ్వరాదు; ముగిసిన పిదప తెలిసిన పెద్ద యొకడు ఒక్క దోషమును, ఒక్క గుణమును చెప్పవలెను. మహావిద్వాంసులకును మొదటి సభ ఒకానొక చిన్న సభయే. ఆ చిన్న సభను సమకూర్చు ఊరికి గాయకుల కొఱత యుండదు.