పెద్ద మృగాల వేట తుపాకి: బరువు నుండి వేగానికి

ఏనుగు, అడవిదున్న, పులి వంటి పెద్ద మృగాన్ని ఎదుర్కొనే వేటగానికి ఎట్టి తుపాకి కావాలి? మృగం ఎంత పెద్దదైతే గుండు అంత పెద్దది కావాలని ఎవరికైనా తోస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో వేటగాళ్ళూ, తుపాకులు చేసేవారూ అలాగే అనుకొన్నారు. ఆ ఊహ పూర్తిగా తప్పు కాదు; కాని అది సగం నిజం మాత్రమే. మిగిలిన సగం తేటపడటానికి దాదాపు డెబ్బయి ఏళ్ళు పట్టింది. ఈ లోపల గురి తప్పిన గుండ్ల వలన అవస్థపడినవారు వేటగాళ్ళు మాత్రమే కాదు. గాయపడి తప్పించుకొన్న మృగాలూ, వాటి వాతబడిన పల్లెప్రజలూ కూడా ఉన్నారు.

పౌనుకు నాలుగు గుండ్లు

ఆ రోజుల్లో తుపాకి పరిమాణాన్ని అంగుళాలలో గాక గుండ్ల లెక్కన చెప్పేవారు. గొట్టానికి సరిపడే గుండ్రని గుండ్లు ఒక పౌను సీసంతో ఎన్ని పోయవచ్చునో, అదే ఆ తుపాకి 'బోరు'. పన్నెండు గుండ్లు వస్తే 12 బోరు. నాలుగే వస్తే 4 బోరు. అంటే అంకె తగ్గినకొద్దీ తుపాకి పెద్దదన్నమాట. 4 బోరు గుండు బరువు నాలుగు ఔన్సులు, అనగా 113 గ్రాములు. దాని వ్యాసం ఇంచుమించు 27 మిల్లీమీటర్లు.

ఇంత పెద్ద గుండు ఎందుకు కావలసివచ్చింది? సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసిన పాత తుపాకిమందుతో అట్టి గుండుకు సెకనుకు 400 మీటర్లకు మించి ఎక్కువ వేగం రాదు. వేగం పెరగనప్పుడు దెబ్బ బలం పెంచడానికి మిగిలిన దారి బరువు పెంచడమే. ఇంగ్లండుకు చెందిన శామ్యూల్ బేకర్ 1840లో బ్రిస్టల్ నగరంలోని గిబ్స్ చేత చేయించుకొన్న రైఫిల్ బరువు 21 పౌనులు, అనగా తొమ్మిదిన్నర కిలోలు. ఒక్కొక్కసారి పేల్చడానికి అందులో ఒక ఔన్సు మందు పోసేవాడు. తరువాత ఆయన ఆఫ్రికాకు తీసుకువెళ్ళిన మరొక తుపాకి అరపౌను గుండును పేల్చేది. దానికి ఆయన పెట్టిన పేరు 'బేబీ'! పేల్చినప్పుడల్లా అది తనను గిర్రున తిప్పివేసేదని ఆయనే వ్రాశాడు.

1871లో పందొమ్మిదేళ్ళ వయసులో దక్షిణాఫ్రికా చేరిన ఫ్రెడరిక్ సెలూస్ కూడా 4 బోరు తుపాకులతోనే ఏనుగుల వేట మొదలుపెట్టాడు. అవి గొట్టం మూతి నుండి మందు పోసి, గుండును లోపలికి దిగగొట్టే రకం. వాటి తాపులు తన నరాలను దెబ్బతీసి గురిని పాడుచేశాయని, అటువంటి తుపాకుల జోలికి పోకుండా ఉంటే బాగుండేదని ఆయన తరువాత చెప్పుకొన్నాడు.

ఈ తాపుకు కారణం విద్యార్థులందరికీ తెలిసినదే. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం గుండు ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోతుందో, తుపాకి వెనుకకు అంతే ద్రవ్యవేగంతో వస్తుంది. 113 గ్రాముల గుండు సెకనుకు 400 మీటర్ల వేగంతో వెలువడిందనుకొందాం. 0.113ను 400తో హెచ్చవేస్తే సుమారు 45 వస్తుంది. తుపాకి బరువు 6 కిలోలైతే, 45ను 6తో భాగించగా ఏడున్నర. అంటే ఆరు కిలోల ఇనుమూ కొయ్యా సెకనుకు ఏడున్నర మీటర్ల వేగంతో భుజాన్ని తన్నుతాయి. గొట్టం నుండి వెలువడే వాయువుల తోపుడు దీనికి అదనం. ఇట్టి తాపు రానున్నదని ఎరిగిన చేయి ట్రిగ్గరు నొక్కే క్షణంలో చలించక మానదు. చేయి చలిస్తే గుండు గురి తప్పుతుంది. పైగా పేల్చగానే దట్టమైన పొగ కమ్ముకొని, దెబ్బతిన్న ఏనుగు పారిపోతున్నదో పైకి వస్తున్నదో కనబడేది కాదు.

పొగలేని మందు

1884లో ఫ్రాన్సుకు చెందిన పాల్ వియెయ్ నైట్రోసెల్యులోజుతో పొగలేని మందును తయారుచేశాడు. 1889లో ఇంగ్లండులో ఆబెల్, డ్యూయర్ అనే శాస్త్రజ్ఞులు 'కార్డైట్' అనే మందును రూపొందించారు. పాత మందు కాలినప్పుడు దానిలో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలి పొగగా, మసిగా పోతుంది. కొత్త మందు దాదాపు పూర్తిగా వాయువుగా మారుతుంది. కనుక కొద్ది మందుతోనే ఎక్కువ వేగం సాధ్యమైంది.

అయితే ఆ వేగానికి మెత్తని సీసం నిలువదు. గొట్టం లోపలి మెలిగాళ్ళలో అది ఒరుసుకుపోతుంది. అందుచేత సీసపు గుండుకు గట్టి లోహపు తొడుగు వేశారు. 1898లో లండనులోని రిగ్బీ సంస్థ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే తూటాను ప్రవేశపెట్టింది. దాని గుండు బరువు 31 గ్రాములే. వేగం మాత్రం సెకనుకు సుమారు 650 మీటర్లు. 4 బోరు తుపాకుల కాలం దీనితో ముగిసిపోయింది.

లెక్క ఏమి చెబుతుంది?

ఏనుగు పుర్రెలో మెదడును చేరాలంటే గుండు మందమైన ఎముకను దాటుకొని లోతుగా పోవాలి. గుండుకు ఎదురయ్యే ఆటంకం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఆ ఆటంకాన్ని త్రోసుకుపోయే శక్తి బరువును, వేగాన్ని బట్టి ఉంటుంది. కనుక ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యం వెనుక ఎన్ని గ్రాముల బరువున్నదో చూడాలి.

4 బోరు గుండు అడ్డుకోత 5.6 చదరపు సెంటీమీటర్లు. 113ను 5.6తో భాగిస్తే 20 గ్రాములు వస్తుంది. 1890 దశకంలో మౌజర్ సైనిక రైఫిల్ కొరకు ఏర్పడిన 7 మిల్లీమీటర్ల తూటాలో గుండు బరువు కేవలం 11.2 గ్రాములు. కాని అది సన్నగా, పొడవుగా ఉంటుంది. దాని అడ్డుకోత 0.41 చదరపు సెంటీమీటరు. భాగహారం చేస్తే 27 గ్రాములు! అంటే పదో వంతు బరువున్న గుండు తన వైశాల్యాన్ని బట్టి చూస్తే పెద్ద గుండుకంటె బరువైనది. .450 గుండుకు ఇదే లెక్క వేస్తే 29 వస్తుంది; రెండింటికీ పెద్ద తేడా లేదు. 7 మిల్లీమీటర్ల గుండు వేగం సెకనుకు సుమారు 700 మీటర్లు.

పొడవైన గుండు గాలిలో పల్టీలు కొట్టకుండా సూటిగా పోవడానికి కారణం గొట్టంలోని మెలిగాళ్ళే. అవి గుండుకు గిరగిర తిరిగే చలనాన్ని ఇస్తాయి. తిరుగుతున్నంతసేపు బొంగరం పడిపోనట్లే ఈ గుండు కూడా తన దిశను నిలుపుకొంటుంది.

బెల్ పద్ధతి

ఈ లెక్కను అడవిలో నిజం చేసి చూపినవాడు స్కాట్లండుకు చెందిన వాల్టర్ బెల్ (1880–1954). దంతాల వ్యాపారం కోసం ఆయన ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. వాటిలో చాలావాటిని ఈ 7 మిల్లీమీటర్ల తూటాతోనే చంపాడు. ఆ సంఖ్య నేడు మనకు బాధ కలిగిస్తుంది. కాని అతని పద్ధతి గమనింపదగినది. అతడు ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, ఏ దిక్కు నుండి చూస్తే మెదడు ఎక్కడ ఉంటుందో తెలుసుకొన్నాడు. తేలికైన తుపాకిని రోజంతా మోసినా అతని చేయి అలసిపోయేది కాదు. తాపు స్వల్పం కావడం వలన గురి చెదిరేది కాదు.

ఇది అందరికీ సాధ్యం కాదు. గుండు సన్నదైనప్పుడు అది ఒక వ్రేలెడు పక్కకు పోయినా పని జరగదు. ఈ రెండు కొసలకు నడుమ 1912లో ఇంగ్లండులోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థ .375 మాగ్నం తూటాను తయారుచేసింది. సుమారు 19 గ్రాముల గుండు, సెకనుకు 770 మీటర్ల వేగం, సాధారణ మానవుడు ఓర్చుకోగల తాపు. ప్రమాదకర మృగాల వేటకు కనీసం ఇంతటి తూటా ఉండాలని ఆఫ్రికాలో కొన్ని దేశాలు తరువాత నియమం చేశాయి.

చంపావత్ పులి

గురి తప్పిన గుండు ఏమి చేయగలదో మన దేశంలోని ఒక ఉదాహరణ చెబుతుంది. 1907లో కుమావూఁ కొండల్లోని చంపావత్ వద్ద జిమ్ కార్బెట్ ఒక ఆడపులిని చంపాడు. నేపాలులోను, కుమావూఁలోను అది 436 మందిని పొట్టనబెట్టుకొన్నదని లెక్క. దాని నోటిని పరీక్షించగా కుడివైపు కోరపళ్ళు రెండూ విరిగి ఉన్నాయి. అది పాత తుపాకి గాయమే. సహజమైన ఆహారాన్ని పట్టుకోలేకనే అది మనుషులపై పడిందని కార్బెట్ నిర్ణయించాడు.

ఆ వేటకు ఆయన వెంట తీసుకువెళ్ళినవి మూడే తూటాలు. మూడూ అయిపోయాక పులి ఇంకా నిలిచే ఉన్నది. పరుగెత్తి తహశీల్దారు చేతి తుపాకి అందుకొని రావలసివచ్చింది. తుపాకి ఎంత మంచిదైనా వెంట చాలినన్ని తూటాలు లేకపోతే దాని బలం సున్న. ఈ పులిని చంపినందుకు ఆయనకు బహుమానంగా వచ్చిన రైఫిల్ కూడా పైన చెప్పిన 7 మిల్లీమీటర్ల తూటాదే.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు దారులు మూసుకుపోయాయి. నేడు అడవి అధికారులు పులిని పట్టవలసివస్తే తరచు వాడేది మత్తుమందు సూదిని విసిరే తుపాకి. 1950 దశకంలో న్యూజిలాండుకు చెందిన కాలిన్ మర్డాక్ రూపొందించిన సాధనమిది. ఇక్కడ లెక్క తలక్రిందులవుతుంది. సూది చర్మం దాటి కండలో దిగాలి, ఎముకను తాకరాదు. కనుక వేగాన్ని పెంచడం గాక, దూరాన్ని బట్టి కొలిచి తగ్గించడమే నేర్పు. సూత్రాలు మాత్రం అవే: బరువు, వేగం, వైశాల్యం. వీటితోబాటు ఆ జంతువు శరీరనిర్మాణం తెలిసి ఉండటం అప్పుడూ అవసరమే, ఇప్పుడూ అవసరమే.