మెతుకుసీమలో గోథిక్ వెలుగు

విశాఖ మధురవాడ కొండల మీద లేచిన ఐటీ భవనాలను చూడండి. ముఖమంతా అద్దాలే. బరువు పిల్లర్లూ బీములూ మోస్తున్నాయి, గోడకు ఆ బాధ్యత లేదు. ఉక్కూ కాంక్రీటూ లేని రోజుల్లో ఉత్త రాతితో ఇదే సాధించినవాళ్లు గోథిక్ మేస్త్రీలు.

పారిస్ పక్కన సెయింట్ డెనిస్ మఠాధిపతి సూజే పూనుకుని కట్టించిన ఆలయ భాగానికి 1144లో ప్రతిష్ఠ జరిగింది. ఆ శైలి తొలి అడుగుగా చరిత్రకారులు దాన్నే చెబుతారు. మొనదేలిన కమాను బరువును పక్కలకు తక్కువగా నెడుతుంది, కిందికి ఎక్కువగా దించుతుంది. కప్పు కింది రాతి బద్దెలు ఆ బరువును స్తంభాలకు అందిస్తాయి. పక్కలకు మిగిలిన తోపుడును బయటి ఊతగోడలు ఆపుతాయి. అలా తేలికపడ్డ గోడల్లో రంగుటద్దాల కిటికీలు వెలిశాయి. చదువు రానివారికి కూడా బైబిలు గాథలు ఎండవెలుతురులో కనిపించాయి.

ఇంతటి పనితనానికి తిట్టే పేరైంది. 410లో రోమ్‌ను దోచిన గోత్ జాతికి ఈ కట్టడాలతో సంబంధమే లేదు. అయినా 16వ శతాబ్దంలో వసారి వంటి ఇటలీ రచయితలు ఇది అనాగరికుల నిర్మాణమని ఆ జాతికి అంటగట్టారు. 1764లో ఆంగ్ల రచయిత హోరేస్ వాల్పోల్ పాత కోటలో జరిగే భయానక నవల రాసి, రెండో ముద్రణలో దాన్ని గోథిక్ కథ అన్నాడు. అప్పటినుంచి ఆ మాటకు దయ్యాలూ చీకటీ తోడయ్యాయి. 1980ల నాటికి నల్లదుస్తుల రాక్ సంగీతాభిమానులకూ అదే పేరు. నాకు మాత్రం గోథిక్ అంటే వెలుతురే. తెలుగునేలపై దానికి పెద్ద సాక్ష్యం మెదక్ చర్చి.

మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువులో మెతుకుసీమ అనే ఈ మెదక్ ప్రాంతపు పల్లెలు ఆకలితో అల్లాడాయి. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఊరికే తిండి పంచడం కన్నా పని ఇచ్చి కూలి ఇవ్వడం మేలనుకున్నాడు. అలా 1914లో మొదలైన చర్చి నిర్మాణం పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం 175 అడుగులు. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. వాటిని రూపొందించింది ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఆయన పేరు చాలాచోట్ల కనిపిస్తుంది. రాళ్లు మోసిన కరువు కూలీల పేర్లు మాత్రం మనకు అందలేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. ఆ కట్టడం ఎవరిదని అడిగితే, పాస్నెట్‌తో సమానంగా వాళ్లదే అంటాను.

ఈ శైలి మెదక్ కంటే ముందే హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి, సికింద్రాబాద్‌లో 1850 నాటి సెయింట్ మేరీస్ ఉన్నాయి. మధురవాడ వాళ్లకు అంత దూరం వీలుకాకపోతే, తీరం వెంట భీమిలి వెళ్లి 1864 నాటి సెయింట్ పీటర్స్ చర్చిలోని రంగుటద్దాల సిలువ దృశ్యమైనా చూడవచ్చు.

మెదక్ వెళ్లేవారికి ఒక మాట. పొద్దుండగానే లోపలికి వెళ్లండి. ఎండ లేకపోతే ఆ కిటికీల్లో బొమ్మలు కనిపించవు.