చేతి కదలికలు, వస్తువుల గుర్తింపు: స్పర్శజ్ఞానంపై ఒక పరిశీలన

చూడకుండా చేతితోనే వస్తువును గుర్తుపట్టే పనిలో చర్మం, కండరాలు, కీళ్లు కలిసి పాల్గొంటాయి. ఒత్తిడి, కంపనం, వేడి చర్మం ద్వారా తెలుస్తాయి. వేళ్లు ఎంత వంగాయో, చెయ్యి ఎంత బరువు మోస్తోందో కండరాలు, కీళ్లు తెలుపుతాయి. ఈ శక్తిని మనస్తత్వశాస్త్రం చాలాకాలం తక్కువగా అంచనా వేసింది. ఆ అంచనాను 1985లో రోబర్టా క్లాట్స్కీ, సూసన్ లెడర్‌మన్, వారి సహచరుల ప్రయోగం సవరించింది. కళ్లకు గంతలు కట్టినవారికి నిత్యం వాడే 100 వస్తువులను ఒక్కొక్కటిగా ఇవ్వగా, వారు సుమారు 96 శాతం సార్లు సరైన పేరు చెప్పారు. చాలా జవాబులు 5 సెకన్లలోపే వచ్చాయి.

ఇంత నేర్పు చేతికి కదలిక వల్లే వస్తుంది. స్పర్శకు కదలిక ప్రాణమని జర్మన్ మనస్తత్వవేత్త డేవిడ్ కాట్జ్ 1925లోనే వాదించాడు. అమెరికాలో జేమ్స్ గిబ్సన్ 1962లో దీన్ని కొలిచి చూపాడు. బిస్కెట్ పిండిని రకరకాల ఆకారాల్లో కోసే చిన్న అచ్చులను అతడు ఎంచుకున్నాడు. అచ్చును కదలని అరచేతిపై నొక్కినప్పుడు సగం జవాబులే సరిపోయాయి. దాన్నే వేళ్లతో స్వేచ్ఛగా తడమనిచ్చినప్పుడు 95 శాతం సరిపోయాయి.

అయితే చెయ్యి ఎలా పడితే అలా కదలదు. లెడర్‌మన్, క్లాట్స్కీ 1987లో ప్రచురించిన అధ్యయనంలో తేలిన ముఖ్య విషయం ఇదే. పాల్గొన్నవారికి ముందుగా ఒక వస్తువు ఇచ్చి, గరుకుదనంలోనో బరువులోనో దానికి సరిజోడైనదాన్ని మరికొన్నిటిలో వెతకమన్నారు. ఆ సమయంలో చేతుల కదలికలను వీడియోలో చిత్రించారు. గరుకుదనం తెలుసుకోవాలంటే వేళ్లు ఉపరితలంపై అటూ ఇటూ రుద్దాయి. గట్టిదనం కోసం నొక్కాయి. చల్లదనం, వెచ్చదనం కోసం కదలకుండా ఆనుకుని ఉన్నాయి. బరువు కోసం చెయ్యి వస్తువును ఎత్తిపట్టి తూచింది. పరిమాణం, స్థూలమైన ఆకారం కోసం గుప్పిట బిగించింది. ఆకారం కచ్చితంగా తెలియాలంటే మాత్రం వేలు అంచు వెంట సాగింది. బట్టల కొట్టులో చీర అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడటం, వంటింట్లో మెతుకును నొక్కి చూడటం ఈ పద్ధతుల్లోవే. వీటిని ఎవరూ ఎవరికీ పాఠంగా చెప్పరు. చెయ్యి చేస్తున్న పనిని బట్టి మనసు దేన్ని వెతుకుతోందో చెప్పగలగడం ఈ అధ్యయనపు అసలు విలువ.

ఒక్కో కదలికకు ఒక్కో గుణం ఎందుకు చిక్కుతుందన్నదానికి శరీర నిర్మాణంలో కారణాలున్నాయి. ఒక చేతి అరచేయి, వేళ్ల లోపలి చర్మంలో సుమారు 17,000 స్పర్శ నాడీతంతువులు ఉన్నాయని అంచనా. వేలికొనల్లో ఇవి మరీ దట్టంగా ఉంటాయి. గరుకు తలాల ఎత్తుపల్లాలను మెర్కెల్ గ్రాహకాలు నేరుగా పట్టుకుంటాయి. చాలా సన్నని గరుకుదనం మాత్రం వేలు జరిగినప్పుడు పుట్టే కంపనాల ద్వారానే తెలుస్తుంది. వాటిని చర్మం లోతున ఉన్న పాసినియన్ గ్రాహకాలు అందుకుంటాయి. అందుకే రుద్దకుండా ఆనించి ఉంచితే నున్నని తలాల మధ్య తేడా తెలియదు. ఉష్ణోగ్రత విషయం దీనికి భిన్నం. ఒకే గదిలో ఉన్న స్టీలు గ్లాసు, చెక్క గరిటె వేడిలో సమానమే. కానీ స్టీలు చేతి వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి చల్లగా తోస్తుంది. ఆ వేడి ప్రవాహం తెలియడానికి కదలిక అక్కర్లేదు, కాసేపు ఆనితే చాలు.

అంచు వెంట వేలు నడపడం వీటన్నిటిలో నెమ్మదైనది. దారిని ముక్కలుముక్కలుగా జ్ఞాపకం ఉంచుకుని చివరికి కలుపుకోవాలి. ఉబ్బెత్తు గీతలతో వేసిన బొమ్మల విషయంలో ఈ కష్టం బయటపడుతుంది. అసలు వస్తువును క్షణాల్లో గుర్తించే చేతికి దాని గీతల బొమ్మ ఇస్తే, కళ్లకు గంతలు కట్టిన చూపున్నవారు సుమారు మూడోవంతు సార్లే గుర్తుపట్టారు. పుట్టుకతో అంధులైనవారికి అది ఇంకా కష్టమైంది. ఇది స్పర్శ బలహీనతకు సాక్ష్యం కాదు. బరువు, మెత్తదనం, చల్లదనం, లోతు అన్నీ తీసేసి, కంటికి అలవాటైన గీతను మాత్రమే మిగిల్చిన పరీక్ష అది. అంధ విద్యార్థుల పాఠ్యపుస్తకాలకు బొమ్మలు తయారుచేసేవారు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. వీలైన చోట గీతకు బదులు చేతిలో ఇమిడే నమూనా ఇవ్వడం మేలు.

చేతికి తెలిసిన ఆకారం కంటికి తనంతట తానే తెలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. పుట్టు అంధుడికి చూపు వస్తే, తడిమి తెలుసుకున్న గోళాన్నీ ఘనాన్నీ చూసి పోల్చగలడా అని 17వ శతాబ్దంలో విలియం మాలినూ తత్వవేత్త జాన్ లాక్‌ను అడిగాడు. దీనికి ప్రయోగాత్మకమైన జవాబు భారతదేశం నుంచి వచ్చింది. పవన్ సిన్హా ఆరంభించిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, శస్త్రచికిత్సతో చూపు పొందిన 8 నుంచి 17 ఏళ్ల ఐదుగురు పిల్లలను వెంటనే పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. తడిమినదాన్ని మళ్లీ తడిమి, చూసినదాన్ని మళ్లీ చూసి వారు చక్కగా గుర్తించారు. తడిమినదాన్ని చూసి గుర్తించమంటే మాత్రం జవాబులు ఊహకు దగ్గరగానే ఉన్నాయి. తర్వాత మళ్లీ పరీక్షించగలిగిన పిల్లల్లో, ఏ శిక్షణా లేకుండానే, కొద్ది రోజుల్లో ఈ లోటు చాలావరకు తీరింది.