ముద్ర వేసిన రేడియో, తాళము వేసిన ఫోను

రేడియో మరను త్రిప్పుట మనకెంత సహజమైన పని! ఒక కేంద్రపు కార్యక్రమము రుచింపనిచో మరియొక కేంద్రమునకు పోదుము. మన డబ్బు పెట్టి కొన్న పెట్టె మనము కోరినదానిని వినిపించుటలో వింత యేమున్నదని తోచును. కాని యీ స్వేచ్ఛ రేడియోతోపాటు పుట్టినది కాదు. ఒక దేశమున శ్రోతలు దీనిని పట్టుబట్టి సాధించుకొనవలసి వచ్చినది. ఆ పాత కథ నేటి స్మార్ట్‌ఫోనులను గూర్చిన వివాదమునకు కొంత వెలుగు చూపగలదు.

అది ఆస్ట్రేలియా. 1923 ఆగస్టు 1వ తేదీనుండి అచ్చట ‘సీలు సెట్టు’ పద్ధతి అమలులోనికి వచ్చెను. శ్రోత యే కేంద్రమునకు చందా కట్టునో, ఆ కేంద్రపు తరంగములను మాత్రమే పట్టునట్లు సెట్టును బిగించి ముద్ర వేసెడివారు. రెండవ కేంద్రము కావలెనన్న మరల చందా కట్టవలసినదే. ఈ యేర్పాటును ముఖ్యముగా ప్రతిపాదించినవాడు అమాల్గమేటెడ్ వైర్‌లెస్ సంస్థకు చెందిన ఎర్నెస్ట్ ఫిస్క్. ఇందు దురుద్దేశమే యున్నదనరాదు. కేంద్రమును నడుపుటకు ధనము కావలెను గదా! అయినను జనులు దీనిని మెచ్చలేదు. తొలి యేడాదిలో ముద్ర సెట్లకు లైసెన్సు పొందినవారు సుమారు 1,400 మంది మాత్రమే. తక్కినవారు వేచియుండిరి, కొందరు సొంతముగా సెట్లు కట్టుకొనిరి. 1924 జూలైలో ముద్ర తొలగెను. కొన్ని కేంద్రములు శ్రోతల లైసెన్సు రుసుముతోను, కొన్ని ప్రకటనల రాబడితోను నడువసాగినవి.

ఇప్పుడు మన చేతిలోని ఫోనును చూతము. 2008 జూలై 10వ తేదీన యాపిల్ సంస్థ ఐఫోనుకొరకు సుమారు 500 యాప్‌లతో ఒక అంగడి తెరచెను. ప్రతి యాప్‌ను పరీక్షించి లోనికి అనుమతించుట, ఫోనుపై అమ్మిన సొమ్మునుండి నూటికి 30 వంతులు తీసికొనుట అప్పటి దాని నియమములు. వేరొక అంగడినుండి తెచ్చుకొనుటకు కొనుగోలుదారునకు అప్పుడు దారి లేకుండెను. అదే సంవత్సరము అక్టోబరులో గూగుల్ వారి ఆండ్రాయిడ్ అంగడి వెలసెను. అచ్చట ఇతర ద్వారములు మూసివేయబడలేదు. కాని గూగుల్ అంగడి ఫోనుతోనే వచ్చును, ఇతర అంగడిని వెదకి, హెచ్చరికలు దాటి తెచ్చుకొనవలెను.

2020 ఆగస్టు 13వ తేదీన ఎపిక్ అను ఆటల సంస్థ, తమకే నేరుగా చెల్లించు ఆటగాండ్రకు ధర తగ్గింతుమని ప్రకటింపగా, యాపిల్ ఆనాడే వారి ఆటను తన అంగడినుండి తీసివేసెను. చౌకగా కొనగలిగిన దారి వినియోగదారునకు మూసికొనిపోయినది. ఈ వివాదము న్యాయస్థానములకు ఎక్కినది. ఆస్ట్రేలియాలో శ్రోతలు సాధించినదానిని ఇచ్చట చట్టములు సాధింపవలసి వచ్చెను. ఐరోపా సమాఖ్య వారి డిజిటల్ మార్కెట్ల చట్టము 2024 మార్చి 7నుండి యాపిల్‌ను కట్టుబరచెను. ఏప్రిల్ 17న ‘ఆల్ట్‌స్టోర్ పాల్’ అను వేరొక అంగడి ఐరోపాలోని ఐఫోనులపై తెరవబడెను. మన దేశమున కాంపిటిషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న, ఆండ్రాయిడ్ విషయమున గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధింపగా, అప్పిలేటు ట్రిబ్యునలు 2023 మార్చిలో దానిని సమర్థించెను. 2024 ఫిబ్రవరి 21న ఫోన్‌పే సంస్థ ‘ఇండస్’ అను అంగడిని ప్రారంభించెను. అందు తెలుగుతో కూడ 12 భారతీయ భాషలు చేర్చబడినవి. పోటీ యున్నచో మన భాషకును అంగడిలో చోటు దొరకునని యిది తెలుపుచున్నది.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు: ద్వారము ఒక్కటియైనచో దొంగ లోనికి రాజాలడు గదా యని. ఇది త్రోసివేయదగినది కాదు. సందేశములద్వారా వచ్చిన యాప్‌ను ఫోనులో వేసికొని సొమ్ము పోగొట్టుకొన్నవారు మన చుట్టును ఉన్నారు. కాని ఒకే ద్వారమును చాలిన రక్షణము కాదు. 2020 డిసెంబరులో తెలంగాణమున ఋణ యాప్‌ల వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. అట్టి యాప్‌లలో కొన్ని గూగుల్ అంగడియందే దొరికినవి. 2021 జనవరిలో ఆ సంస్థ వానిలో కొన్నింటిని తొలగించెను.

ఆస్ట్రేలియా వారు శ్రోత పెట్టెపై ముద్రను తీసివేసిరే గాని, ఎవరు పడితే వారు ప్రసారము చేయవచ్చునని చెప్పలేదు. ప్రసారకునకు లైసెన్సు, నియమములు అట్లే యుండెను. కట్టుబాటు అమ్మువానికి ఉండవలెను. తాళపుచెవి కొనినవాని చేత నుండవలెను. అంగడులెన్నియైన తెరువనిండు, ప్రతి యంగడియు తాను అమ్మిన యాప్‌కు జవాబుదారి కావలయును. మనమును, ఏ యంగడినుండి తెచ్చికొన్నను, అది మన ఫోనులోని పేర్లను, బొమ్మలను, సందేశములను ఏల అడుగుచున్నదో ఒక్క నిమిషము ఆలోచించి గాని సమ్మతి తెలుపరాదు. ఎన్నుకొను హక్కు చట్టము ఇయ్యగలదు. ఎన్నుకొను వివేకమును మనమే సంపాదించుకొనవలెను.