రెండు దీవుల నడుమ సముద్రం

నెల్లూరు తీరంలో పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ శ్రీహరికోట అనే సన్నని దీవి ఉన్నది. 2022లో ఇది తిరుపతి జిల్లాలో చేరినది. ఇక్కడినుండి తూర్పుగా సముద్రం దాటితే ఎదురయ్యేవి అండమాన్ దీవులు. ఈ రెండు దీవుల నడుమ దూరం ఎంత?

శ్రీహరికోట రాకెట్ కేంద్రం 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.2 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టుబ్లెయర్ 11.6, 92.7 డిగ్రీల వద్ద ఉన్నది. అక్షాంశాల తేడా 2.1 డిగ్రీలు; డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 233 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 12.5 డిగ్రీలు, ఈ ప్రాంతంలో డిగ్రీకి 108 చొప్పున 1,350 కిలోమీటర్లు. ఈ రెండింటిని లంబకోణ త్రిభుజపు భుజాలుగా తీసుకుంటే కర్ణం సుమారు 1,370 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం బిగించి కొలిచినా ఇంచుమించు ఇంతే వస్తుంది.

1858లో పోర్టుబ్లెయర్‌లో ఖైదీల వలస ఏర్పడినప్పుడు ఈ సముద్రం మనుషులను విడదీసే అగడ్తగా ఉండేది. నేటికీ చెన్నైనుండి ఓడకు రెండున్నర, మూడు రోజులు పడుతుంది. విమానానికి రెండు గంటలు పైచిలుకు. సెకనుకు 7.5 కిలోమీటర్ల వేగంతో పోయే ఉపగ్రహానికి ఈ దూరం మూడు నిమిషాల దారి.

అయితే ఆ వేగం సులభంగా అందలేదు. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎన్నుకున్నారు. తూర్పుకు ప్రయోగిస్తే భూభ్రమణ వేగం రాకెట్టుకు తోడవుతుంది. మండిపోయిన దశలు జనం లేని సముద్రంలో పడతాయి. కాని ఆ దీవిలో నివసించిన యానాదులు తమ తావులు విడిచి పోవలసి వచ్చినది. ఈ మూల్యం కూడా చరిత్రలో భాగమే.

1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 మొదటిసారి ఎగిరినది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటం బిగుసుకుపోయి, నత్రికామ్లం కారిపోయినది. అదుపు తప్పిన రాకెట్టు 317 సెకన్లకు, 560 కిలోమీటర్ల దూరాన సముద్రంలో పడినది. దూరం మాత్రమే చూస్తే, అండమానులకు సగందారి కూడా కాదు. లోపాన్ని వెదకి సరిదిద్దిన తరువాత, 1980 జూలై 18న అదే రకం రాకెట్టు 35 కిలోగ్రాముల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినది.

భూమి గుండ్రన కావున, 200 కిలోమీటర్ల ఎత్తున ఉన్న రాకెట్టు సైతం 1,600 కిలోమీటర్లు దాటితే శ్రీహరికోటకు కనబడకుండా దిగంతం క్రిందికి పోతుంది. అందుకే పోర్టుబ్లెయర్‌లో కూడా సంకేతాలను అందుకునే కేంద్రం ఉన్నది. ఒక దీవి చూపు ఆగేచోట రెండవ దీవి చూపు సాగుతుంది. ఒకనాడు మనుషులను విడదీసిన దూరమే నేడు వారి పనికి అక్కరకు వచ్చినది.