బీగం వేసిన క్వార్టర్‌లో

కరెంటు పోయింది. జంషెడ్‌పూర్ సిద్ధగోరాలో మీ వీధి మొత్తం ఒక్కసారిగా చీకటైంది. ఛఠ్ పండగ ముగిసి వారం కాలేదు, గాలిలో అప్పుడే చలి. కార్ఖానా వైపు ఆకాశం ఉన్నట్టుండి ఎర్రబడుతుంది, మళ్ళీ ఆరిపోతుంది. టాటా స్టీల్ మంటల వెలుగు అది. ఇక్కడ పుట్టిన పిల్లలెవరూ దానికి భయపడరు.

మిమ్మల్ని భయపెడుతున్నది పక్క క్వార్టర్‌లోంచి వస్తున్న చప్పుడు. ఏళ్ళ తరబడి బీగం వేసి ఉన్న ఇల్లది. స్లాబు పెచ్చులూడింది, వెంటిలేటర్‌కి అద్దం లేదు. లోపల ఎవరో పళ్ళ సందుల్లోంచి ఊపిరి వదులుతున్నట్టుంది. స్స్‌స్... ఆగింది. మళ్ళీ స్స్‌స్...

పామా? పాము ఇంతసేపు ఒకేచోట ఉండి ఇలా బుసకొడుతుందా?

"అదిగో!" ఎదురింటి కుర్రాడు అరుస్తాడు. మీరు తలెత్తుతారు. తెల్లటిదేదో మీ నెత్తిమీదుగా పోతోంది. చెయ్యి చాస్తే అందేంత కిందుగా. రెక్కలున్నాయి, రెక్కల చప్పుడు లేదు. వెంటిలేటర్‌లో దూరింది. మరుక్షణం లోపలినుంచి చెవులు చిల్లులు పడే కేక.

వీధంతా బయటికి వచ్చేసింది. యూపీ నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన గొణుగుతాడు: "ముహ్‌నోచ్వా". 2002లో మీర్జాపూర్ వైపు, రాత్రిళ్ళు ఏదో వెలుగుతూ ఎగిరొచ్చి ముఖాలు రక్కిపోతోందని ఊళ్ళకు ఊళ్ళు జాగారం చేశాయి. ఆ భయం ఆయనతోపాటే ఇక్కడికి వచ్చింది. మీ అమ్మకు గుర్తొచ్చేది వేరు. తెలుగూళ్ళలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు. ఆమె మీ మోచెయ్యి పట్టుకుని లాగుతోంది. "లోపలికి రా. వాళ్ళే చూసుకుంటారులే."

వెళ్ళిపోవచ్చు. కానీ కర్రలొచ్చేశాయి. మీ చేతికీ ఒకటి అందింది.

మళ్ళీ కేక. జనం వెనక్కి తోసుకుంటున్నారు. పరుగెత్తాలనిపిస్తుంది. ఈ చీకట్లో ఎటు పరుగెడతారు? 2001 మేలో ఢిల్లీలో కోతిమనిషి వచ్చాడన్న అరుపులకు జనం ఇలాగే నిద్రలో లేచి పరుగుతీశారు. ఒక గర్భిణి మెట్ల మీంచి పడి చనిపోయింది. కోతిమనిషి మాత్రం పోలీసులకు చిక్కలేదు. లేనివాణ్ణి ఎక్కడ పట్టుకుంటారు!

తలుపు మీద మొదటి దెబ్బ.

లోపల ఏదో కదిలింది. "మనిషే" అన్నారెవరో. "పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు" అన్నారింకెవరో. ఆ మాటతో గుంపు బిగుసుకుంది. మీకది భుజాలకు తెలుస్తోంది. 2017 మేలో టాటానగర్ స్టేషన్ అవతల నాగాడీహ్‌లోనూ, సరాయికెలా జిల్లా శోభాపూర్‌లోనూ ఒక్కరోజే ఏడుగురిని కొట్టి చంపారు. అప్పుడూ గుంపుల నోట ఇదే మాట.

రెండో దెబ్బ. బీగం ఊడింది. అందరికంటే ముందు మీరే ఉన్నారు.

కర్రా? ఫోనా?

ఫోన్ తీయండి. టార్చి వేయండి.

మూడు ముఖాలు. గోడ మూల నిటారుగా నిలబడి ఉన్నాయి. సన్నటి పొడుగు కాళ్ళు. ఒంటిమీద పల్చటి నూగు. పేకముక్క మీద ఆఠీను గుర్తులాంటి తెల్లటి ముఖాలు, వాటిలో నల్లటి కళ్ళు. అటూ ఇటూ ఊగుతూ, స్స్‌స్...

ఈ ముఖాల్ని మీరు ఎప్పుడో చూశారు. 2017లో విశాఖపట్నంలో, ఇంకా కడుతున్న ఒక భవనంలో తీసిన వీడియో ఫోన్లన్నీ తిరిగింది. గ్రహాంతరవాసులు దిగారన్నారు. గుడ్లగూబ పిల్లలవి. ఇవీ అవే. శత్రువును బెదిరించడానికి అలా బుసకొడతాయి. ఇందాక మీ నెత్తిమీదుగా పోయింది వాటి తల్లో తండ్రో అయ్యుంటుంది. ఈకల అంచులు కుచ్చుల్లా మెత్తగా ఉంటాయి కాబట్టి ఎగిరినా వినపడదు. చర్మం చీరినట్టున్న ఆ కేకా దానిదే. మీ కాళ్ళకింద నల్లటి ఉండలు నలుగుతున్నాయి. వాటినిండా ఎలుకల ఎముకలు, వెంట్రుకలు. అరగనివన్నీ గుడ్లగూబ కక్కేస్తుంది.

"చావుపిట్ట! కొట్టండి!" వెనకనుంచి గొంతు. ఒక కర్ర లేచింది. పక్కింటి బెంగాలీ కాకీమా గుంపును తోసుకుని వచ్చి, చేతులు జోడించి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. కోజాగరి పున్నమికి ఆమె పూజించే లక్ష్మీదేవి వాహనం ఈ తెల్ల గుడ్లగూబే. చావో సిరో, రెండూ మనం అంటగట్టినవే. కానీ ఈ పూట ఆవిడ నమ్మకమే పనికొచ్చింది. కర్ర దిగింది.

టార్చి ఆపండి. తలుపు దగ్గరగా వేయండి. తాంత్రికులకు అమ్మితే డబ్బొస్తుందని ఎవరైనా గుసగుసలాడితే, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరమని గట్టిగానే చెప్పండి. గుడ్డులోంచి బయటికొచ్చిన సుమారు రెండు నెలలకు పిల్లలు ఎగిరిపోతాయి. అందాకా ఆ గదిలోకి ఎవరినీ వెళ్ళనివ్వకండి. మీ వీధిలో ఎలుకలూ తగ్గుతాయి.