కోట గుమ్మం ముందు సంత

మా చిన్నప్పుడు కొత్త క్లాసు పుస్తకాలకు అట్టలు వేయడానికి 'సోవియట్ భూమి' పత్రికను మించింది లేదు. కాగితం మందంగా, నున్నగా ఉండేది. ఏడాదంతా బడిసంచిలో నలిగినా చిరిగేది కాదు. ఓ సంవత్సరం నా లెక్కల పుస్తకం మీద ఉల్లిపాయల్లాంటి గుమ్మటాల చర్చి, దాని ముందు రాళ్లు పరిచిన పెద్ద బయలు, ఆ బయల్లో బారులు తీరిన సైనికులు ఉండేవారు. కింద 'మాస్కో, రెడ్ స్క్వేర్' అని రాసి ఉండేది. ఎర్రజెండాల దేశం కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారని నేననుకున్నాను. మా మాస్టారూ అదే అన్నారు.

ఇద్దరమూ పొరబడ్డాం. ఆ పేరు ఎర్రజెండా కంటే రెండున్నర శతాబ్దాలు పాతది. 17వ శతాబ్దపు రెండో సగం నాటికే మాస్కో జనం దాన్ని 'క్రాస్నయ' అంటున్నారు. పాత రష్యన్‌లో ఆ మాటకు అందమైనది అని అర్థం. ఎరుపు అన్న అర్థం తర్వాత స్థిరపడింది. తెలుగువాళ్లకు ఇదేమంత వింత కాదు. పెళ్లిచూపులకు వెళ్లొచ్చినవాళ్లు పిల్లాడు ఎర్రగా బుర్రగా ఉన్నాడంటే అది ఒంటి రంగు గురించి మాత్రమే చెప్పినట్టా?

ఈ అందమైన పేరు రాకముందు ఆ నేలకు రెండు మోటు పేర్లుండేవి. ఒకటి 'తోర్గ్', అంటే సంత. రెండోది 'పొజార్', అంటే నిప్పంటుకుని కాలిపోయిన చోటు. దాని అసలు కథ ఆ రెండు పేర్లలోనే ఉంది.

15వ శతాబ్దం చివర్లో మూడో ఇవాన్ ఇటలీ నుంచి మేస్త్రీలను రప్పించి క్రెమ్లిన్ కోటకు ఇటుక గోడలు కట్టించాడు. కోట ఇటుకదే గానీ ఊరంతా కొయ్యది. ఇళ్లు, కొట్లు, చర్చిలు అన్నీ దుంగల కట్టడాలే, అవీ కోటగోడకు ఆనుకునే. 1493లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక, గోడ పక్కన ఏ కట్టడమూ ఉండకూడదని ఇవాన్ ఆజ్ఞ జారీ చేశాడు. ఊళ్లో మంట కోటకు అంటకూడదు, శత్రువు ఇళ్ల చాటున నక్కి గోడదాకా రాకూడదు. అలా కూల్చగా మిగిలిన ఖాళీ జాగాయే నేటి రెడ్ స్క్వేర్. 330 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఐదున్నర ఎకరాల పైచిలుకు.

కోట గుమ్మం ముందు అంత జాగా ఊరికే పడి ఉంటే బుట్టలవాళ్లు చూస్తూ ఊరుకుంటారా? మర్నాటికే కాకపోయినా మరికొన్నాళ్లకు వచ్చి చేరారు. అప్పట్నుంచి ఐదు వందల ఏళ్లుగా అక్కడ నడుస్తున్నది ఒకటే తగువు. ఖాళీగా ఉంచాలని ఏలికకు, బుట్ట దించాలని వ్యాపారికి. యుద్ధాలు, విప్లవాలు మధ్యలో వచ్చి పోయాయి.

1508 నుంచి 1516 దాకా కోటగోడ వెంబడి కందకం తవ్వారు. దాన్ని దాటడానికి స్పాస్కీ గుమ్మం దగ్గర వంతెన. ఆ వంతెన మీద కూడా సంతే! పాత పుస్తకాలు అమ్మేవాళ్లు అక్కడే, సొంత చర్చి లేని పూజారులు ఎవరైనా పనికి పిలుస్తారేమోనని కాచుకు కూర్చునేదీ అక్కడే, గోదావరి రేవులో పురోహితుల్లాగా.

నా అట్ట మీది చర్చి కూడా ఈ కందకం ఒడ్డుదే. 1552లో కజాన్‌ను జయించిన నాలుగో ఇవాన్ 1555–61 మధ్య దాన్ని కట్టించాడు. మనం సెయింట్ బేసిల్ అంటాంగానీ, దాని అసలు పేరు 'కందకం మీది పోక్రోవ్' చర్చి. కందకాన్ని పూడ్చి రెండు వందల ఏళ్లు దాటినా పేరులో మాత్రం అది మిగిలే ఉంది. వసీలీ అనే ఒక అవధూతను ఆ పక్కనే సమాధి చేశారు. ఒంటిమీద బట్ట లేకుండా మంచులో తిరిగేవాడనీ, రాజును సైతం నిలదీసేవాడనీ చెబుతారు. 1588లో ఆ సమాధి మీద చిన్న గుడి లేచింది. మెల్లగా జనం నోట రాజు పెట్టిన పేరు పోయి, అవధూత పేరే నిలిచింది. ఆ బేసిల్ ఈ వసీలీయే.

మళ్లీ ఇలాంటి కట్టడం కట్టకుండా శిల్పుల కళ్లు పీకించాడని ఇవాన్ మీద ఒక కథ ఉంది. ఇలాంటి కథ లేని పెద్ద కట్టడం ఏ దేశంలో ఉంది కనుక? శిల్పుల్లో ఒకడైన పోస్నిక్ పేరు ఆ తర్వాత కజాన్ కోట పనుల్లో కనిపిస్తుంది కాబట్టి కథకు కాళ్లు లేవు. పైగా ఇప్పుడు మనం చూసే ఆ గుమ్మటాల రంగులు కట్టిన నాటివి కావు, తర్వాతి శతాబ్దాల్లో వేసినవి.

చర్చి ముందు గుండ్రటి రాతి తిన్నె ఒకటుంది. పేరు లోబ్నొయె మేస్తొ. తలలు నరికే చోటని గైడ్లు చెబుతారు గానీ, అది ప్రధానంగా దండోరా తిన్నె. రాజాజ్ఞలు చదివేది, మతగురువు దీవెనలిచ్చేది అక్కడి నుంచే. అంతమాత్రాన ఆ నేల నెత్తురు చూడలేదని కాదు. 1606లో దొంగ ద్మీత్రి అనే జారును చంపి, శవానికి ముసుగు తొడిగి ఈ సంతలోనే జనం చూడటానికి పడేశారు. 1698లో తిరగబడ్డ స్త్రెల్త్సీ సైనికులకు పీటర్ చక్రవర్తి మరణదండన వేయించిన చోట్లలో ఇదొకటి. ఆ తర్వాత పీటర్ 1712లో రాజధానినే సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తరలించుకుపోయాడు. రెండు వందల ఏళ్లపాటు వ్యాపారిదే పైచేయి అయింది.

1812లో నెపోలియన్ వచ్చినప్పుడు మంటలు అంటుకున్న తొలి చోట్లలో ఈ కొట్ల వరసలూ ఉన్నాయి. ఊరు మళ్లీ కడుతూ కందకాన్ని పూడ్చేశారు. 1818లో కొట్ల ఎదురుగా మీనిన్, పొజార్స్కీల విగ్రహం నిలబెట్టారు. 1612లో పోలండ్ సేనను మాస్కో నుంచి తరిమిన దండును నడిపింది ఈ ఇద్దరే. పొజార్స్కీ రాజవంశీకుడు. మీనిన్ నీజ్నీ నొవ్గొరొద్‌లో మాంసం వ్యాపారి. విగ్రహంలో చెయ్యెత్తి దారి చూపుతున్నది వ్యాపారే. 1893లో పాత కొట్ల స్థానంలో గాజు కప్పు కింద వెయ్యికి పైగా దుకాణాలతో బ్రహ్మాండమైన బజారు లేచింది. ఆ కప్పు ఇంజనీరు షూఖొవ్ చేతి పని. 20వ శతాబ్దం మొదట్లో చౌకు మీద ట్రాములు కూడా నడిచాయి.

1918లో రాజధాని తిరిగొచ్చింది, ఏలిక తిరిగొచ్చాడు. అప్పటికే 1917 నవంబరులో పోరులో చనిపోయిన బోల్షివిక్కులను కోటగోడ కింద సామూహికంగా పూడ్చారు. 1924లో లెనిన్ పోతే హడావిడిగా కొయ్య సమాధి కట్టారు, 1930కి అది రాతిదయింది. నాయకులు దాని పైకెక్కి నిలబడితే కింద కవాతు నడవాలి. నడవాలంటే దారి కావాలి. ట్రాము పట్టాలు పీకేశారు. 1931లో మీనిన్, పొజార్స్కీలను చర్చి పక్కకు జరిపారు, ఉత్తరపు కొసన ఉన్న జంట గుమ్మాన్ని కూల్చారు. 1936లో చౌకు మీదే ఉన్న మరో చర్చి, కజాన్ చర్చి, పోయింది. గాజు కప్పు బజారు ప్రభుత్వ ఆఫీసుగా మారింది. 1932లో స్టాలిన్ భార్య నదేజ్దా భౌతికకాయాన్ని ఉంచింది అందులోనే. మూడో ఇవాన్ కోట కోసం ఇళ్లు తీయించాడు, స్టాలిన్ ట్యాంకుల కోసం గుమ్మాలు తీయించాడు. నాకు పెద్ద తేడా కనిపించదు.

బరనోవ్స్కీ అనే పాత కట్టడాల నిపుణుడు కజాన్ చర్చి కూలకముందే అంగుళం అంగుళం కొలిచి పెట్టుకున్నాడు. ఆ కాగితాల సంగతికి మళ్లీ వస్తాను.

1941 వేసవిలో జర్మన్ విమానాలను ఏమార్చడానికి కోటగోడల మీద ఇళ్ల బొమ్మలు వేశారు, లెనిన్ సమాధి చుట్టూ ఉత్తుత్తి ఇల్లు కట్టారు. లెనిన్ దేహాన్ని సైబీరియాలోని త్యుమెన్‌కు తరలించారు. నాలుగున్నర శతాబ్దాల కింద ఇవాన్ తీయించిన ఇళ్లు రంగుల రూపంలో గోడ మీదికి తిరిగొచ్చాయన్నమాట. ఆ నవంబరు 7న, శత్రువు వంద కిలోమీటర్ల లోపే ఉండగా, ఉదయం 8 గంటలకు మంచులో కవాతు జరిగింది. నడిచినవాళ్లలో చాలామంది అటునుంచి అటే యుద్ధరంగానికి వెళ్లారు. దాన్ని ఎంత గుట్టుగా ఉంచారంటే సినిమా కెమెరాలవాళ్లకే సమయానికి కబురందలేదు. స్టాలిన్ ఉపన్యాసాన్ని తర్వాత క్రెమ్లిన్ హాల్లో సెట్టు వేసి మళ్లీ తీశారు. ఆ ఫిల్ము చూడండి, అంత చలిలోనూ ఆయన నోట ఆవిరి రాదు! 1945 జూన్ 24న అదే చోట, జోరువానలో, రెండు వందల నాజీ జెండాలను సమాధి ముందు విసిరికొట్టారు.

మనకు ఆ చౌకు పరిచయమైంది ఆ తర్వాతి దశాబ్దాల్లోనే. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలను తెనిగించారు, విశాలాంధ్రవాళ్లు అవి మన ఊళ్లదాకా చేర్చారు. ఆ పుస్తకాల్లో కవాతు కనిపించేది, 1961లో గగారిన్ స్వాగతం కనిపించేది. 1968 ఆగస్టు 25 కనిపించేది కాదు. ఆ మధ్యాహ్నం చెకొస్లొవేకియా మీద దాడిని నిరసిస్తూ ఎనిమిది మంది దండోరా తిన్నె దగ్గర కూర్చున్నారు. నతాల్య గొర్బనేవ్స్కయా అనే కవయిత్రి తోపుడుబండిలో పసిబిడ్డతో వచ్చింది. కొద్ది నిమిషాల్లోనే అందర్నీ ఈడ్చుకుపోయారు. 1987 మే 28న మతియాస్ రుస్త్ అనే 18 ఏళ్ల జర్మన్ కుర్రాడు హెల్సింకీ నుంచి చిన్న విమానంలో వచ్చి పక్కనున్న వంతెన మీద దిగి, చర్చి దగ్గర ఆపాడు. రక్షణమంత్రి పదవి పోయింది. కవాతుల్లో కనిపించిన క్షిపణులన్నీ ఏం చేస్తున్నాయని జనం నవ్వుకున్నారు.

బరనోవ్స్కీ కొలతలు అక్కరకొచ్చింది ఆ తర్వాతి ఏళ్లలోనే. వాటి ఆధారంగా 1993కల్లా కజాన్ చర్చిని ఉన్నచోటే తిరిగి కట్టారు. 1995కల్లా జంట గుమ్మమూ లేచింది. స్టాలిన్ పోయిన 1953లోనే బజారు తిరిగి తెరుచుకుంది. ఇప్పటికీ గూమ్ పేరుతో నడుస్తోంది. కవాతులూ ఇప్పటికీ జరుగుతున్నాయి. 2020 జూన్ 24న అక్కడ నడిచిన దళాల్లో మన త్రివిధ దళాల వాళ్లు 75 మంది ఉన్నారు.

మీరెప్పుడైనా మాస్కో వెళ్తే చలికి జడవకుండా డిసెంబరులో వెళ్లండి. నూతన సంవత్సరానికని గూమ్ ముందు, లెనిన్ సమాధికి ఎదురుగా, కొయ్య కొట్లు వేసి తినుబండారాలూ బొమ్మలూ అమ్ముతుంటారు.